ఆక్యుపంక్చర్ మీకు పనికొస్తుందా? సూదులు వేయించుకునే ముందు తేల్చుకోవాల్సినవి

మీ బాధకి డాక్టరు పెట్టిన పేరు ఉందా? ఆక్యుపంక్చర్ గురించి ఆలోచించే ముందు తేలాల్సింది ఇదే. నడుం నొప్పి అనేది ఒక లక్షణం మాత్రమే. కండరం పట్టేసినా నడుం నొప్పే, డిస్క్ జారి నరం నలిగినా నడుం నొప్పే, కిడ్నీలో రాయి ఉన్నా, వెన్నుపూసకి ఇన్‌ఫెక్షన్ సోకినా నడుం నొప్పే. సూదులు నొప్పిని కొంత తగ్గించగలవు. అది ఎందుకొస్తోందో మాత్రం చెప్పలేవు. నాడి పట్టుకునో, నాలుక చూసో జబ్బు చెప్పేస్తామంటే, ఆ మాట మీద రక్తపరీక్షా స్కానింగూ మానుకోవద్దు. సూది వల్ల పెద్ద హాని జరగడం అరుదు. అసలు జబ్బు కనిపెట్టడం ఆలస్యమైతే జరిగే హాని అంతకంటే చాలా పెద్దది.

నడుం నొప్పితో పాటు మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా, తొడల మధ్య, కూర్చునే చోట మొద్దుబారినా, కాలు రోజురోజుకీ బలహీనపడుతున్నా అది ఎమర్జెన్సీ. ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. జ్వరంతో వచ్చే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇంతకు ముందు క్యాన్సర్ వచ్చి ఉండటం, కింద పడ్డాక మొదలైన నొప్పి, రాత్రి పడుకున్నా ఏమాత్రం తగ్గని నొప్పి ఉంటే ముందు పరీక్షలు చేయించుకోవాలి. తలనొప్పి విషయంలోనూ అంతే. క్షణాల్లో భరించలేనంతగా విరుచుకుపడే తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, చూపు మసకబారడం, 50 ఏళ్ళు దాటాక మొదటిసారి మొదలైన కొత్త రకం తలనొప్పి, ఇవేవీ సూదులతో సరిపెట్టుకునేవి కావు.

పేరు తేలాక అసలు ప్రశ్నకి వద్దాం.

ఏ బాధలకి ఆధారం ఉంది, ఏ బాధలకి లేదు

ఆక్యుపంక్చర్ మీద జరిగిన పరిశోధనల్లో మూడు గుంపుల్ని పోల్చి చూస్తారు. ఒక గుంపుకి అసలైన సూదులు వేస్తారు. రెండో గుంపుకి నకిలీ సూదులు, అంటే సూది వేయాలని ఆక్యుపంక్చర్ పద్ధతి చెప్పే చోట్లలో (వీటినే బిందువులంటారు) కాకుండా వేరే చోట పైపైన గుచ్చడమో, చర్మానికి తగలగానే పిడిలోకి వెనక్కి జారిపోయే మొండి సూది వాడటమో చేస్తారు. మూడో గుంపుకి సూదులే ఉండవు, మామూలు వైద్యమే. ఈ మూడింటి మధ్య తేడా అర్థమైతే పనిచేస్తుందనేవాళ్ళూ పనిచేయదనేవాళ్ళూ ఎందుకు వాదించుకుంటున్నారో అర్థమవుతుంది.

దీర్ఘకాలిక నొప్పుల మీద 2012లో 29 ప్రయోగాల నుంచి 17,922 మంది రోగుల వివరాలు ఒక్కొక్కరివిగా తీసుకుని విశ్లేషించారు. 2018లో దాన్ని 39 ప్రయోగాలకి, 20,827 మందికి పెంచారు. నడుం, మెడ నొప్పి, మోకాళ్ళ అరుగుదల, దీర్ఘకాలిక తలనొప్పి, భుజం నొప్పి అందులో ఉన్నాయి. ఫలితం ఏ స్థాయిలో ఉందో చెప్పడానికి 2012లో ఆ పరిశోధకులే ఒక లెక్క ఇచ్చారు. నొప్పిని 0 నుంచి 100 వరకు కొలిస్తే, మొదట్లో 60 ఉన్న నొప్పి సూదులు వేయించుకోనివారిలో 43కి, నకిలీ సూదులతో 35కి, అసలైన సూదులతో 30కి దిగుతుంది.

ఈ అంకెల్ని కాసేపు చూడండి. సూదులు వేయించుకున్నవారికీ వేయించుకోనివారికీ మధ్య 13 పాయింట్ల తేడా ఉంది. అది రోజువారీ పనుల్లో తెలిసే తేడా. అసలు సూదులకీ నకిలీ సూదులకీ మధ్య 5 పాయింట్లే. అది ఉంది కానీ చిన్నది. అంటే వచ్చే ఉపశమనంలో పెద్ద భాగం సరిగ్గా ఆ బిందువులోనే గుచ్చడం వల్ల వస్తున్నది కాదు. పడుకోబెట్టి శ్రద్ధగా చూడటం, చర్మాన్ని ఎక్కడో ఒకచోట ప్రేరేపించడం, తగ్గుతుందన్న ఆశ, కాలంతో పాటు దానంతటదే తగ్గడం, అన్నీ అందులో కలిసి ఉన్నాయి. సూదులు అసలు వేయించుకోకపోయినా 60 నుంచి 43కి దిగిందన్న సంగతి కూడా మర్చిపోవద్దు. సొంతంగా పరీక్షించుకునేటప్పుడు ఇది మళ్ళీ అవసరమవుతుంది.

నడుం నొప్పి మీద జర్మనీలో 1,162 మందితో జరిగి 2007లో వెలువడిన ప్రయోగం ఇదే కథ ఇంకా గట్టిగా చెప్పింది. ఆరు నెలల తర్వాత బాగా మెరుగైనవారు అసలు సూదుల గుంపులో 47.6 శాతం, నకిలీ సూదుల గుంపులో 44.2 శాతం, మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం గుంపులో 27.4 శాతం. ఒకే రకం ఆధారాలు చూసి రెండు దేశాల నిపుణులు ఎదురెదురు నిర్ణయాలు తీసుకున్నది కూడా ఇందుకే. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ, నకిలీ సూదులతో పెద్ద తేడా లేదు కాబట్టి నడుం నొప్పికి ఆక్యుపంక్చర్ ఇవ్వొద్దని 2016లో చెప్పింది. అమెరికన్ ఫిజీషియన్ల సంఘం 2017లో, మందుల కంటే ముందు ప్రయత్నించదగ్గవాటిలో వ్యాయామం వంటి వాటితో పాటు ఆక్యుపంక్చర్‌నీ చేర్చింది. మీ దృష్టిలో ముఖ్యం ఏది? బిందువుల సిద్ధాంతం నిజమా కాదా అన్నదా, మీ నొప్పి తగ్గుతుందా అన్నదా? రెండోదైతే మూడో గుంపుతో పోలికే మీకు దగ్గరి లెక్క.

మైగ్రేన్‌కి ఆధారం కాస్త మెరుగ్గా ఉంది. వైద్య ప్రయోగాలన్నీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2016 నాటి సమీక్షలో 22 ప్రయోగాలు, 4,985 మంది ఉన్నారు. సూదులు వేయించుకున్నవారిలో నెలలో తలనొప్పి వచ్చే రోజులు సగానికి తగ్గినవారు 41 శాతం, వేయించుకోనివారిలో 17 శాతం. నకిలీ సూదులతో పోల్చిన ప్రయోగాల్లో ఇది అసలు సూదులతో 50 శాతం, నకిలీవాటితో 41 శాతం. నివారణకి రోజూ వేసుకునే మాత్రలతో పోల్చినా ఫలితం తక్కువేమీ కాలేదు, దుష్ప్రభావాల వల్ల మధ్యలో మానేసినవారు తక్కువ. మాత్రలు పడనివారికి ఇది నిజంగా ఆలోచించదగ్గ దారి. టెన్షన్ తలనొప్పికీ ఇంచుమించు ఇలాంటి ఫలితమే. నైస్ సంస్థ కూడా ఈ రెంటికీ 5 నుంచి 8 వారాల్లో 10 సిట్టింగుల వరకు పరిశీలించవచ్చంటోంది. మైగ్రేన్‌కి మాత్రం ముందు మాత్రలు పనిచేయనప్పుడో, పడనప్పుడో అని షరతు పెట్టింది. వస్తూ పోతూ ఉండే తలనొప్పులు ముందు ముందు తగ్గడం గురించి చెప్పిన మాట ఇది. ఇప్పుడు తల పగిలిపోతుంటే సూది కోసం పరుగెత్తమని కాదు.

ఆపరేషన్ తర్వాత మత్తు వల్ల వచ్చే వికారం, వాంతులకి మణికట్టు దగ్గరి బిందువు పనిచేస్తుందని 59 ప్రయోగాలు, 7,667 మందితో 2015లో వచ్చిన సమీక్ష చూపింది. రొమ్ము క్యాన్సర్ తర్వాత అరోమటేజ్ ఇన్హిబిటర్ (ఈస్ట్రోజెన్ హార్మోన్‌ని తగ్గించే) మాత్రలు వాడేవారికి వచ్చే కీళ్ళ నొప్పులకి కూడా క్యాన్సర్ నిపుణుల మార్గదర్శకాలు ఆక్యుపంక్చర్‌ని సూచిస్తున్నాయి.

ఇక లేనివి. ఐవీఎఫ్ చేయించుకుంటున్న 848 మంది స్త్రీలతో జరిగి 2018లో వెలువడిన ప్రయోగంలో, బిడ్డ పుట్టినవారు అసలు సూదులతో 18.3 శాతం, నకిలీ సూదులతో 17.8 శాతం. అంటే తేడా లేనట్టే. పీసీఓఎస్ ఉన్న 1,000 మంది స్త్రీలతో జరిగి 2017లో వెలువడిన ప్రయోగంలోనూ పిల్లలు పుట్టే అవకాశం పెరగలేదు. సిగరెట్ మాన్పించడానికి పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ రుజువు లేదు. సుగర్, థైరాయిడ్, క్యాన్సర్, కిడ్నీ జబ్బులు సూదులతో నయమవుతాయన్నవారి మాట నమ్మకండి. వీటి మందులు ఆపమని చెప్పినవారి దగ్గర ఇంకో నిమిషం కూడా కూర్చోవద్దు. ఇన్సులిన్, ఫిట్స్ మాత్రలు, రక్తం పలచబరిచే మందులు, స్టెరాయిడ్లు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

శరీరంలో ప్రాణశక్తి ప్రవహించే మార్గాలున్నాయన్నది ఈ వైద్యం పుట్టినచోట చెప్పుకున్న వివరణ. ఆ మార్గాలు అవయవ నిర్మాణంలో ఎక్కడా దొరకలేదు. సూది గుచ్చినప్పుడు కండరంలోని సన్నని నరాలు ప్రేరేపితమవుతాయి, వెన్నుపాములోనూ మెదడులోనూ నొప్పిని అణిచే సహజ రసాయనాలు విడుదలవుతాయి అన్నంతవరకు ప్రయోగశాల ఆధారాలున్నాయి. ఆ మార్గాల్ని నమ్మకపోయినా ఆక్యుపంక్చర్ ప్రయత్నించవచ్చు. నమ్మినా ప్రయత్నించకూడని సందర్భాలు ఉన్నాయి.

ఎవరు ఆగాలి, ఎవరు ముందుగా చెప్పాలి

హిమోఫిలియా వంటి రక్తస్రావ జబ్బు ఉన్నవారు, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినవారు, కీమోథెరపీతో తెల్లకణాలు పడిపోయినవారు తమ డాక్టరు సరేననే వరకు ఆగాలి. వార్ఫరిన్ వంటి రక్తం పలచబరిచే మందులు వాడుతున్నవారికి సూదులు పూర్తిగా నిషేధం కాదు, కానీ రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష తాజా రిపోర్టు చూపించాలి, లోతుగా గుచ్చడం, గుచ్చి తిప్పడం వద్దనాలి. మందు మాత్రం సొంతంగా ఆపకూడదు.

పేస్‌మేకర్ లేదా గుండెలో డీఫిబ్రిలేటర్ ఉంటే సూదుల ద్వారా సన్నని కరెంటు పంపే పద్ధతి వద్దనండి. మామూలు సూదులతో ఆ ఇబ్బంది లేదు, అయినా విషయం ముందే చెప్పాలి. గుండె కవాటం మార్చినవారికి, చెవిలో రోజుల తరబడి ఉంచేసే చిన్న సూదులు మంచివి కావు, వాటి ద్వారా ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి వెళ్ళవచ్చు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంక గ్రంథులు తీసేసిన వైపు చెయ్యి వాచి ఉంటే ఆ చేతికి సూది వద్దనండి. పుండు, దద్దుర్లు, చీము ఉన్నచోట ఎవరికైనా వద్దు. నికెల్ పడనివారు ఆ సంగతి చెప్పాలి, స్టీలు సూదిలో అది ఉంటుంది.

సుగర్ వల్ల అరికాళ్ళలో స్పర్శ తగ్గినవారి విషయంలో సూది కంటే దాంతో పాటు పెట్టే వేడితో ఎక్కువ ప్రమాదం. మూలికల్ని కాల్చి సెగ పెట్టడం, ఇన్‌ఫ్రారెడ్ దీపం పెట్టడం చాలాచోట్ల మామూలే. కాలుతున్నట్టు తెలియని పాదానికి ఆ సెగ తగిలితే పుండు పడుతుంది, అది మానడం కష్టం. అలాంటివారు వేడి వద్దని ముందే చెప్పేయాలి.

గర్భిణులు ఎన్నో నెలో చెప్పి మొదలుపెట్టాలి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండ మీద ఉండే బిందువునీ, చీలమండ లోపలి వైపు నాలుగు వేళ్ళ పైన ఉండే బిందువునీ సంప్రదాయంగా గర్భంలో వాడరు. తెలిసినవారికి అది చెప్పాల్సిన పనిలేదు, కాబట్టి అడిగి చూస్తే వాళ్ళ పరిజ్ఞానం కూడా తెలిసిపోతుంది.

సూది చూస్తేనే కళ్ళు తిరిగేవారికి తప్పనిసరి చికిత్స కాదిది. అయినా ప్రయత్నించాలనుకుంటే పడుకుని, నాలుగైదు సూదులతో మొదలుపెట్టమనండి.

చేసేవారిని ఎంచుకోవడం

ఆక్యుపంక్చర్‌కి నియమాలు దేశదేశానికీ, రాష్ట్రరాష్ట్రానికీ వేరు. మీరున్నచోట రిజిస్ట్రేషన్ పద్ధతి ఉంటే ఆ జాబితాలో పేరుందో లేదో చూడండి. గోడ మీద సర్టిఫికెట్ కంటే కొన్ని ప్రశ్నలకి వచ్చే జవాబు ఎక్కువ చెబుతుంది. ఎన్ని గంటల శిక్షణ, అందులో పర్యవేక్షణలో రోగులకి సూదులు వేసింది ఎంత? వారాంతపు తరగతులతో ముగిసే కోర్సులున్నాయి, మూడు నాలుగేళ్ళు చదివేవీ ఉన్నాయి. నాకున్న ఈ జబ్బుకి ఎన్ని సిట్టింగుల్లో తేడా తెలియాలి, తెలియకపోతే ఏం చేస్తారు? ఆరు సార్లకి చూసి ఆపేద్దాం అన్నవారు మంచివారు. జీవితాంతం వస్తుండాలన్నవారి దగ్గర, మొదటి రోజే 20 సిట్టింగుల డబ్బు కట్టమన్నవారి దగ్గర జాగ్రత్త.

ఇంకొకటి తప్పక అడగండి. భుజం పైన, వీపు పైభాగంలో, రొమ్ము మీద సూది వేసేటప్పుడు ఎంత లోతు, ఏ కోణంలో వేస్తారు? ఈ ప్రశ్నకి కారణం ఉంది. భుజపుటెముక లోపలి అంచు దగ్గర ఊపిరితిత్తి చర్మానికి 10 నుంచి 20 మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటుంది. సన్నగా ఉన్నవారిలో అది దగ్గరే. వాడే సూదులు సాధారణంగా 25, 40 మిల్లీమీటర్ల పొడవువి. మెడకీ భుజానికీ మధ్య బిగుసుకున్న కండలో నిట్టనిలువుగా లోతుగా దింపితే ఊపిరితిత్తికి చిల్లు పడి దాని చుట్టూ గాలి చేరుతుంది. అందుకే అక్కడ కండని వేళ్ళతో పైకెత్తి పట్టుకుని ఏటవాలుగా వేయాలి, లేదా పైపైనే ఆపాలి. రొమ్ము మధ్య ఎముక మీద కూడా సూదిని పడుకోబెట్టినట్టుగా వేయాలి, ఎందుకంటే కొందరికి పుట్టుకతోనే ఆ ఎముకలో చిన్న రంధ్రం ఉంటుంది, దాని వెనక గుండె ఉంటుంది. ఈ సంగతి తెలిసినవారు ప్రశ్న వినగానే చేత్తో చూపించి మరీ చెబుతారు. అలాంటిదేమీ కాదులే అని దాటవేస్తే ఆ చోట్ల సూది వేయించుకోకండి.

ఫిజియోథెరపిస్టులు చేసే డ్రై నీడిలింగ్‌లోనూ ఇవే సూదులు, ఇవే ప్రమాదాలు. బిందువుల బదులు ముడిపడ్డ కండని వెతికి గుచ్చుతారు, తరచుగా ఇంకొంచెం లోతుగా. కాబట్టి ఇదే ప్రశ్న వారినీ అడగాలి.

మొదటి సిట్టింగ్‌లో చూడాల్సినవి

గంటా రెండు గంటల ముందు తేలికగా ఏదైనా తిని వెళ్ళండి. పరగడుపున వెళ్తే కళ్ళు తిరిగే అవకాశం ఎక్కువ, కడుపు నిండా తిని వెళ్తే బోర్లా పడుకోలేరు. మోకాలు, మోచెయ్యి దాకా సులువుగా పైకి మడిచే బట్టలు వేసుకోండి. వాడుతున్న మందుల చీటీ వెంట ఉంచుకోండి.

మొదటిసారి మాట్లాడటానికే అరగంట పైన పట్టాలి. ప్యాకెట్ నుంచి సూదులు తీసేటప్పుడు కళ్ళు మూసుకోకండి. ప్యాకెట్ మీ ముందే చింపాలి, దాని మీద స్టెరైల్ అని, ఒక్కసారి వాడకానికే అని, గడువు తేదీ ఉండాలి. ట్రేలో ముందే పరిచిన సూదులైతే అవి ఎప్పుడు తీశారో తెలియదు, కొత్త ప్యాకెట్ అడగండి. చేతులు కడుక్కోవడమో, శానిటైజర్ రాసుకోవడమో జరగాలి. సూది మొన నుంచి లోపలికి దిగే భాగాన్ని వేళ్ళతో ముట్టుకోకూడదు, చాలావరకు అది సన్నని ప్లాస్టిక్ గొట్టంలో ఉంచి తట్టి దింపుతారు. మీ సూదులు మీకే దాచి ఉంచి మళ్ళీ వాడతామంటే ఒప్పుకోకండి. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతుకుతుంది, ఆక్యుపంక్చర్ సూదుల ద్వారా అది వ్యాపించిన ఘటనలు నమోదయ్యాయి. వాడినవి గట్టి డబ్బాలో పడాలి, చెత్తబుట్టలో కాదు.

సూది మందం 0.16 నుంచి 0.30 మిల్లీమీటర్లు. రక్తం తీసే సూది సుమారు 0.8 మిల్లీమీటర్లు ఉంటుంది, పైగా బోలుగా ఉంటుంది. కాబట్టి చర్మం దాటేటప్పుడు దోమ కుట్టినంత, లేదా అసలు ఏమీ తెలియకపోవచ్చు. లోపలికి దిగాక బరువుగా, మొద్దుగా లాగినట్టు, తిమ్మిరి పాకినట్టు అనిపించడం మామూలే, చాలామంది వైద్యులు అది రావాలనే చూస్తారు. కానీ కరెంటు షాక్ కొట్టినట్టు చురుక్కుమని కింది దాకా పాకితే సూది నరానికి తగిలినట్టు. ఓర్చుకోకుండా వెంటనే చెప్పాలి, సూదిని కాస్త వెనక్కి తీస్తారు. మామూలుగా 5 నుంచి 15 సూదులు, 20 నుంచి 30 నిమిషాలు. ఆ సేపు కదలకండి. కండ బిగిస్తే సూది వంగుతుంది, తీసేటప్పుడు పట్టేస్తుంది. గదిలో ఒంటరిగా వదిలేస్తే పిలవడానికి గంటో, వినబడేంత దూరంలో మనిషో ఉన్నారని చూసుకోండి. చెమట పట్టి, వికారంగా, చెవులు మూసుకుపోతున్నట్టు ఉంటే స్పృహ తప్పబోతున్నట్టు, సూదులన్నీ తీసి కాళ్ళు ఎత్తులో పెట్టాలి.

ఎన్ని వేశారో లెక్కపెట్టండి, తీసినవి అంతే ఉండాలి. జుట్టులోనూ, చెవి వెనకా మర్చిపోవడం తరచుగా జరిగేదే.

జర్మనీలో 2,29,230 మంది రోగుల్ని గమనించి 2009లో వెలువరించిన లెక్కలో 8.6 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది కలిగింది. ఎక్కువగా కమిలిపోవడం, చుక్క రక్తం. అది 6.1 శాతం. నొప్పి 1.7 శాతం. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవారు ఇద్దరు. వీపు, భుజం, రొమ్ము మీద వేయించుకున్నాక ఆ రోజు, మర్నాడు, ఊపిరి తీస్తే పొడిచినట్టున్నా, ఆయాసం వచ్చినా, పొడి దగ్గు మొదలైనా ఆస్పత్రికి వెళ్ళి సూదులు వేయించుకున్నానని చెప్పి ఎక్స్‌రే తీయించుకోండి. కొన్ని గంటల తర్వాత కూడా మొదలవుతుంది కాబట్టి సూదుల వల్ల కాదేమో అనుకుని ఊరుకోవద్దు. సూది పడిన చోట రోజులు గడిచే కొద్దీ ఎర్రగా వేడిగా వాస్తే డాక్టరుకి చూపించాలి. మొదటిసారి అయ్యాక మగతగా ఉండవచ్చు, బండి నడపకుండా ఉండటం మంచిది.

మీ మీద మీరే పరీక్ష పెట్టుకోవడం

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నొప్పి భరించలేనంత ఉన్న వారంలో వెళ్తారు, మూడో వారానికి తగ్గుతుంది, సూదులు పనిచేశాయంటారు. దీర్ఘకాలిక నొప్పి అలలా పైకీ కిందికీ కదులుతుంది. శిఖరం మీద ఉన్నప్పుడు ఏం చేసినా తర్వాత దిగేదే. పైన చెప్పిన 60 నుంచి 43 అలా దిగిందే. దీన్ని పట్టుకోవాలంటే మొదలుపెట్టే ముందు లెక్క ఉండాలి.

మొదటి సిట్టింగ్‌కి ముందు రెండు వారాలు, మైగ్రేన్ అయితే నాలుగు వారాలు, చిన్న పుస్తకంలో రాయండి. రోజూ ఒకే సమయానికి, రాత్రి పడుకునే ముందు, ఆ రోజు సగటు నొప్పి 0 నుంచి 10లో ఎంత. వేసుకున్న నొప్పి మాత్రలు ఎన్ని. నొప్పి వల్ల చేయలేకపోతున్న ఒక్క పని, కొలవగలిగేది. ఎన్ని నిమిషాలు ఆగకుండా నడిచారు, ఎంతసేపు కుర్చీలో కూర్చోగలిగారు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది. మైగ్రేన్‌కి తలనొప్పి ఉన్న రోజుల సంఖ్యే ప్రధానం. రోజూ రాసేది ఒక్క వరసే చాలు, ఎక్కువ పెట్టుకుంటే వారానికే మానేస్తారు.

సిట్టింగులు మొదలయ్యాక వారానికి ఒకటో రెండో. నెలకోసారి వెళ్తే ఏమీ తేలదు, ప్రయోగాల్లో ఫలితం వచ్చింది దగ్గర దగ్గర సిట్టింగులతోనే. ఆ వారాల్లో కొత్త మందు, కొత్త వ్యాయామం, కొత్త పరుపు మొదలుపెట్టకండి, దేనివల్ల తగ్గిందో తెలియకుండా పోతుంది. అప్పటికే చేస్తున్న వ్యాయామం, వాడుతున్న మందులు యథాతథంగా కొనసాగించండి. సిట్టింగ్ అయిన సాయంత్రం హాయిగా ఉండటాన్ని లెక్కలో వేయొద్దు, అరగంట కదలకుండా పడుకుంటే అంత హాయి మామూలే. రెండు సిట్టింగుల మధ్య రోజులు ఎలా ఉన్నాయన్నదే లెక్క. మొదటి ఒకటి రెండు సార్లు మర్నాడు నొప్పి కాస్త పెరగవచ్చు. ఒకటి రెండు రోజుల్లో తగ్గితే అది సమస్య కాదు. ప్రతిసారీ పెరుగుతుంటే సూదులు తగ్గించమనండి, అప్పటికీ అలాగే ఉంటే ఆపండి.

ఆరో సిట్టింగ్ తర్వాత పుస్తకం తీయండి. చివరి వారం సగటుని, సిట్టింగులు మొదలుకాక ముందు రాసిన రెండు వారాల సగటుతో పోల్చండి. 10లో 2 పాయింట్లు, లేదా మూడో వంతుకి కాస్త అటూ ఇటూగా తగ్గితే అది లెక్కలోకి వచ్చే తగ్గుదల. నొప్పి అంకె పెద్దగా మారకపోయినా మాత్రలు సగానికి దిగితే, 10 నిమిషాలు నడిచేవారు 25 నిమిషాలు నడుస్తుంటే అదీ గెలుపే. వీటిలో ఏదీ లేకపోతే ఆపేయండి. ఇంకో ఆరు చేస్తే తెలుస్తుందన్న మాట వినాల్సిన పనిలేదు. మైగ్రేన్‌కి మాత్రం నెలల మధ్య ఎగుడుదిగుళ్ళు ఎక్కువ కాబట్టి 8 నుంచి 10 సిట్టింగులు పూర్తయ్యాక, ఆ నాలుగు వారాల లెక్కతో పోల్చాలి. రోజులు సగానికి తగ్గడం మంచి ఫలితం, మూడో వంతు తగ్గినా కొనసాగించవచ్చు.

అమెరికా ప్రభుత్వ వైద్య బీమా అయిన మెడికేర్ 2020 నుంచి దీర్ఘకాలిక నడుం నొప్పికి ఇలాంటి పద్ధతే పాటిస్తోంది. 90 రోజుల్లో 12 సిట్టింగులు, మెరుగవుతుంటేనే ఇంకో 8, ఏడాదికి 20 మించకుండా. మెరుగు లేకపోతే అక్కడితో ఆపాలి. సొంత డబ్బు పెట్టేవారికి అంతకంటే కట్టుదిట్టం అవసరం.

సూదులు వద్దనుకున్నా, ఫలితం లేక ఆపేసినా దారులు మూసుకుపోవు. మోకాళ్ళకీ నడుముకీ క్రమం తప్పని వ్యాయామమే మొదటి మందు, సూదులు దానికి తోడు మాత్రమే. నొప్పి తగ్గిన ఆ కాస్త వ్యవధిని వ్యాయామం పెంచడానికి వాడుకున్నవారికే ఎక్కువ లాభం. వికారానికి సూది లేకుండా ఒత్తిడితో కూడా ప్రయత్నించవచ్చు. మణికట్టు లోపలి వైపు మొదటి మడత గీత నుంచి మోచేతి వైపుకి మీ మూడు వేళ్ళ వెడల్పు కొలవండి, అక్కడ రెండు స్నాయువుల మధ్య గుంట తగులుతుంది. బొటనవేలితో రెండు మూడు నిమిషాలు గట్టిగా నొక్కి ఉంచాలి.

మెరుగైనవారు వారానికోసారి వస్తూనే ఉండనక్కర్లేదు. రెండు వారాలకి ఒకటి, తర్వాత నెలకి ఒకటి అని దూరం పెంచి, ఆపి చూడండి. దీర్ఘకాలిక నొప్పుల ప్రయోగాల్ని కలిపి చూసినప్పుడు, చికిత్స ఆపిన ఏడాది తర్వాత కూడా వచ్చిన లాభంలో 90 శాతం దాకా నిలిచే ఉంది. ఆపాక కూడా పుస్తకం వదలకండి, నెలకి ఒక వారం రాస్తే చాలు. అంకెలు మళ్ళీ పాత చోటికి ఎక్కితే ఇంకో నాలుగు సిట్టింగులు వేయించుకుని చూడవచ్చు. ఆ నాలుగింటికీ కదలకపోయినా, నొప్పి తీరే మారిపోయినా, కొత్త చోటికి పాకినా సూదులు పక్కన పెట్టి మొదట జబ్బు పేరు చెప్పిన డాక్టరుకి మళ్ళీ చూపించండి.